ఏటిగట్టు మీద నక్షత్రపు ప్రశ్న

వరదల్లో గోదావరి ఎర్రగా ఉండడంలో వింత లేదు. మా అక్క వాళ్ళ పెరట్లో నుయ్యి ఎర్రబడడమే వింత.

వాళ్ళ వీధి ఏటిగట్టుకి ఇవతల పల్లంలో ఉండేది. గట్టు మీద నించుంటే ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అక్క పెంకుటింటి కప్పు కనిపించేవి. మామూలు రోజుల్లో ఆ రెంటిలో కప్పే ఎత్తు. శ్రావణ మాసంలో మటుకు గోదావరి ఎత్తు. ఆ తేడాని అక్కడివాళ్ళు తరాలుగా చూస్తున్నారు కాబట్టి దానికి భయపడడం మానేశారు. నిడదవోలు నుంచి చుట్టపు చూపుగా వెళ్ళే నేనే గట్టు ఎక్కినప్పుడల్లా ఏది ఎంత ఎత్తో కళ్ళతో కొలుచుకునేవాణ్ణి.

తొంభైల చివర్లో ఒక ఏడు, రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన మర్నాడు, అక్క నూతిలో చేద వేసి లాగితే టీ రంగు నీళ్ళొచ్చాయి. బావగారు ఆ ఊరి గుడిలో అర్చకులు. గంగమ్మే మన పెరట్లోకి వచ్చిందని నూతిగట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. వరద తీశాక నీళ్ళు మళ్ళీ తేటబడ్డాయి. ఆయన పూజ ఫలించిందన్నారు. అక్క మాత్రం నేను వెళ్ళినప్పుడు వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"అది గట్టు కిందనుంచి వస్తోందిరా తమ్ముడూ. పైనుంచి వచ్చేదాన్ని మగవాళ్ళు గట్టు మీద కర్రలు పట్టుకుని కాస్తారు. కిందనుంచి వచ్చేదాన్ని ఎవరు కాస్తారు?"

"గట్టు బాగుచేసేదాకా మా ఇంటికి వచ్చేయండక్కా."

"మీ బావగారు గుడి వదలరు. ఆయన్ని వదిలి నేను రాను. ఆ గట్టేదో బాగుచేయించే దారి చూడు."

గట్టు బాగుచేయించేటంత మనిషిని కాను నేను. హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. పదిమందికీ పనికొచ్చే నా విద్యల్లా ఇతరుల మాటలు రాసిపెట్టడం. పెళ్ళి శుభలేఖలు, పదవీ విరమణ సన్మాన పత్రాలు, అప్పుడప్పుడు సంతాప తీర్మానాలు. నేను సన్మాన పత్రం రాసినవాళ్ళలో కొందరికి సంతాప తీర్మానం కూడా నేనే రాశాను. విశేషణాలు మార్చాల్సిన అవసరం రాలేదు.

అయితే అప్పటి మా శాసనసభ్యుడు నా పాత విద్యార్థి. నా దగ్గర తెలుగు చదువుకుని కూడా ఎన్నికల్లో గెలిచినవాడు. ప్రతిపక్షంలో ఉండేవాడు. శీతాకాలం పోతుండగా ఒక ఆదివారం ఇంటికొచ్చాడు.

"మాస్టారూ, బడ్జెట్ సమావేశాలు వస్తున్నాయండి. సభలో నేను నోరు విప్పట్లేదని మా పార్టీలో గొడవగా ఉంది. నాలుగు ప్రశ్నలు రాసిపెట్టండి."

"క్లాసులో కూడా విప్పేవాడివి కాదు కదయ్యా."

"అప్పుడు జవాబులు చెప్పాలి కదండీ. ఇప్పుడు ప్రశ్నలే కదా."

ప్రశ్న వెయ్యడమూ అంత తేలిక కాదని ఆ రోజే తెలిసింది. సభకు పంపే ప్రశ్నలో అభిప్రాయం ఉండకూడదట, వాదన ఉండకూడదట, ఎత్తిపొడుపు ఉండకూడదట. సమాచారం అడగాలంతే. తెలుగు మాస్టారి దగ్గర్నుంచి ఇవన్నీ తీసేస్తే మిగిలేది సుద్దముక్కే. ఆ సుద్దముక్కతోనే ఇలా రాశాను: (అ) ఫలానా ఊరి దగ్గర ఏటిగట్టు బలహీనపడి ఊట వస్తున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? (ఆ) వచ్చినట్లయితే, తీసుకున్న చర్యలేవి? (ఇ) లేనట్లయితే, కారణాలేవి?

"దీనికి నక్షత్రం గుర్తు పెట్టిద్దామండి" అన్నాడు. నక్షత్రం లేని ప్రశ్నకి కాగితం మీద జవాబొస్తుంది, అక్కడితో సరి. నక్షత్రం ఉంటే మంత్రిగారు లేచి నించుని సభలో చెప్పాలి. చెప్పాక అడిగినవాడు అప్పటికప్పుడు అనుబంధ ప్రశ్న వెయ్యచ్చు. "అసలు దెబ్బ అక్కడుందండి. మొదటి ప్రశ్న మనల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుందంతే."

నా జాతకంలో నక్షత్రం ఎప్పుడూ బాగున్నట్టు లేదు. నా ప్రశ్నకైనా ఒకటి దక్కిందని సంతోషించి, అనుబంధ ప్రశ్న కూడా రాసిచ్చాను. "గట్టు పటిష్ఠంగా ఉంటే, గట్టుకి ఇవతలి నూతిలో నీళ్ళు వరద రంగుకి ఎందుకు మారాయి?" అతను అక్కడే కూర్చుని బట్టీ పట్టాడు. పదో తరగతిలో ఒక్క పద్యం బట్టీ పట్టని కుర్రాడు.

మా మేడ మీద వాటాలో ఇరిగేషన్ అసిస్టెంటు ఇంజనీరు, ఏఈ గారు, అద్దెకుండేవారు. కోనసీమ మనిషి, నెమ్మదస్తుడు. అక్క ఊరి గట్టు ఆయన సెక్షన్లోదే. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూనే మా వీధి గుమ్మంలో కూలబడ్డారు.

"మాస్టారండీ, కొంప మునిగిందండి!"

ఇరిగేషన్ వాళ్ళ నోట ఈ మాట వింటే ఎవరికైనా గుండె ఆగుతుంది. "ఎక్కడండీ? ఏ ఊరు?" అన్నాను.

"ఊరు కాదండి, ఆఫీసు. ఎల్.ఏ.క్యూ. వచ్చిందండి."

అసెంబ్లీ ప్రశ్నని ఆఫీసుల్లో అలా అంటారు. అది హైదరాబాదులో సభ ఆఫీసు నుంచి శాఖకి, శాఖ నుంచి పెద్ద ఇంజనీరుకి, అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా కిందికి దిగి, చివరకి ఏఈ గారి బల్ల మీద వాలుతుందట. "ఎవరు అడిగినా జవాబు పుట్టేది నా దగ్గరేనండి. మంత్రిగారు అక్కడ చదివేది ఇక్కడ మేం రాసిందే. ఎవరో కిట్టనివాళ్ళు వేయించారండి. తెలుగు మటుకు చక్కగా ఉంది."

ఆ చివరి మాట వినకపోతే నోరు మూసుకునేవాణ్ణేమో. "రాసింది నేనేనండి" అన్నాను.

ఆయన లేచి లోపలికొచ్చి కూర్చున్నారు. తర్వాత సంచీలోంచి కాగితం తీసి నా చేతికిచ్చారు. "అయితే జవాబు కూడా మీరే రాసేయండి. భాష కలుస్తుంది."

అలా ఒకే గదిలో కూర్చుని ప్రశ్నకీ జవాబుకీ నేనే సొంతదారుణ్ణయ్యాను. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఊట తన కళ్ళతో చూశారు. మరమ్మతుకి అంచనా కూడా అంతకుముందే పంపారు. అందుకని (అ)కి "అవునండి" అనీ, (ఆ)కి "అంచనాలు తయారుచేసి పంపడమైనది" అనీ రాశాం. నేను రాసినవాటిలో అంత చిన్నది, అంత నిజమైనది మరోటి లేదు.

కొన్నాళ్ళకి ఆయన మళ్ళీ గుమ్మంలో కూర్చున్నారు. ఈసారి కొంప సంగతి ఎత్తలేదు.

"పైన మార్చేశారండి. 'లేదండి, గట్టు పటిష్ఠంగా ఉంది' అని పెట్టారు. మిగతావాటికి 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని."

"అదేమిటండీ! మనం అవునన్నాం కదా?"

"అవునంటే, మరి ఎందుకు బాగుచెయ్యలేదని సభలో లేస్తారటండి. లేదంటే లేవడానికి ఏమీ ఉండదట. మా పై ఇంజనీరు, ఈఈ గారు, కోపంగా కూడా చెప్పలేదండి. చిన్నపిల్లాడికి లెక్క నేర్పినట్టు చెప్పారు."

నాకు భయం వేసింది కానీ బయటపడలేదు. మంత్రిగారు 'లేదండి' అనగానే మావాడు లేచి నూతి సంగతి అడుగుతాడు కదా అని ఆయనకి చెప్పాను. నాకూ చెప్పుకున్నాను.

ప్రశ్న సభకి వచ్చే రోజుకి మావాడు నాకు సందర్శకుల గ్యాలరీ పాసు ఇప్పించాడు. గేటు దగ్గర నా సంచీ తీసుకున్నారు, జేబులో పెన్నూ తీసుకున్నారు. కాలు మీద కాలు వేసుకోకూడదన్నారు. చప్పట్లు కొట్టకూడదన్నారు. నా ప్రశ్న అయిదోది. సభాపతి వచ్చారు, అందరూ లేచారు, కూర్చున్నారు. మొదటి ప్రశ్న అయింది. రెండోది సగంలో ఉండగా ప్రతిపక్షం వాళ్ళు లేచారు. కరెంటు చార్జీల మీద తామిచ్చిన వాయిదా తీర్మానం ముందు తీసుకోవాలన్నారు. ప్రశ్నోత్తరాలయ్యాకే అన్నారు సభాపతి. ఆ తర్వాత ఎవరేమన్నారో పైకి వినపడలేదు. అందరూ నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని ఆయన కుర్చీ ముందున్న ఖాళీ జాగాలోకి దిగారు. దాన్ని ఇంగ్లీషులో వెల్ అంటారు, అంటే నుయ్యే. మావాడూ దిగాడు. బట్టీ పట్టిన ప్రశ్న లోపలే పెట్టుకుని, చార్జీలు తగ్గించాలని అరుస్తున్నాడు. ఒక్కసారి గ్యాలరీ వైపు తలెత్తి వెంటనే దించేశాడు.

గంట అలాగే గడిచిపోయింది. సభాపతి మైకులో, మిగిలిన ప్రశ్నలన్నిటికీ సమాధానాలు సభ ముందు ఉంచినట్టుగా భావిస్తున్నామని చెప్పి సభను వాయిదా వేశారు. గట్టు పటిష్ఠంగా ఉందన్న మాట ఎవరూ పలకలేదు, ఎవరూ వినలేదు. అయినా అది సభలో చెప్పినట్టే లెక్క.

బయట చెట్టు కింద మావాడు చొక్కా సర్దుకుంటూ వచ్చాడు. "ఏం చెయ్యమంటారు మాస్టారూ. నేనొక్కణ్ణీ సీట్లో కూర్చుంటే అటుపక్కకి దూకేస్తున్నాననుకుంటారండి."

"పోనీ రేపు మళ్ళీ వెయ్యి."

"జవాబొచ్చేసిన ప్రశ్న ఈ సమావేశాల్లో మళ్ళీ వెయ్యకూడదండి."

"జవాబు వచ్చిందా?"

"వచ్చినట్టే కదండీ" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు. నాకు ఇడ్లీ పెట్టించి రైలెక్కించాడు.

నేనప్పటికీ అది పోయిన ప్రశ్న అనే అనుకున్నాను. పోలేదని వానాకాలం ముందు తెలిసింది. ఏఈ గారు ఆ గట్టు కోసం ఇసుక బస్తాలూ, గట్టు వెంట పాతడానికి సరుగుడు బాదులూ కావాలని రాస్తే పైనుంచి ఫోనొచ్చిందట. "సభలో మంత్రిగారు పటిష్ఠంగా ఉందన్న గట్టుకి బస్తాలు అడుగుతున్నావేంటయ్యా? మంత్రిగారు సభని తప్పుదోవ పట్టించారని రాసిస్తున్నావా?" అన్నారట.

"సభాహక్కుల గొడవ అవుతుందటండి" అన్నారు ఏఈ గారు. మేడమెట్ల మీద ఆగి, కిందికి చూడకుండా చెప్పారు. "ఇక ఆ గట్టు బాగుండి తీరాలండి."

శ్రావణంలో గోదావరి పెరిగింది. రెండో ప్రమాద హెచ్చరిక రేడియోలో విని, పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. అప్పటికే ఏఈ గారు గట్టు మీద ఉన్నారు. ఆఫీసు ఇవ్వని బస్తాలు రైస్‌మిల్లు వాళ్ళ దగ్గర అడిగి తెచ్చి, నలుగురు కూలీలతో ఇసుక నింపిస్తున్నారు. ఊళ్ళో మగవాళ్ళు గట్టుకి ఎవరూ గండి కొట్టకుండా కర్రలు పట్టుకుని వరసగా నించున్నారు. వాళ్ళ చూపంతా అవతలి ఒడ్డు మీదే. ఇటు తెగితే అటువాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, అటు తెగితే ఇటువాళ్ళు. అది పైకి ఎవరూ అనరు.

అక్క నూతి దగ్గర ఉంది. చేదలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేంతాడు సగం కూడా దింపక్కర్లేకపోయింది, నీళ్ళు అంత పైకొచ్చేశాయి.

"పదండి బావగారూ, బస్సు ఇంకా తిరుగుతోంది" అన్నాను.

"స్వామికి నైవేద్యం కాకుండా ఎలా వస్తానోయ్? ఆయన్ని ముంపులో వదిలేసి నేను మీ ఇంట్లో పప్పూ అన్నం తినమంటావా?"

"పోనీ అక్కనైనా పంపండి."

"ఆయన కదిలితే నేను కదుల్తాను" అంది అక్క.

పశువుల పాక వెనక, గట్టు అడుగున, నేల ఉడుకుతున్న గంజిలా కదులుతోంది. ఏఈ గారు వచ్చి వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నారు. "తేటగా ఊరితే ఫర్వాలేదండి. బురదగా ఊరితే లోపల మట్టి పోతున్నట్టు" అని, దోసిలి నాకు చూపించకుండా పారబోసేశారు. తర్వాత బస్తాలన్నీ అక్కడికే మోయించారు. నేనూ మోశాను. ఒక బస్తా ఇద్దరు మోసే చోట, నాతో కలిపి ముగ్గురు కావాల్సొచ్చింది.

మధ్యాహ్నం కావస్తుండగా గట్టు మీద కేక వినపడింది. తెగిందనుకుని అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆ కేక సంతోషంతో వేసినదని అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. గోదావరి తగ్గుతోంది. నీటిమట్టం కొలిచే కొయ్య మీద తడి గీత జానెడు పైన మిగిలిపోయింది. దిగువన అవతలి గట్టుకి గండి పడిందట. కర్రలు గాల్లోకి లేచాయి. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో కొబ్బరికాయ కోసం పరిగెత్తారు. నేనూ నవ్వుతున్నాను. నా మొహంలో ఆ నవ్వు అక్క చూసింది.

"స్వామి కాపాడాడు" అన్నారు బావగారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఏఈ గారు ఒళ్ళంతా బురదతో ఇసుక బస్తా మీద కూర్చుని అన్నారు. "ఇక అయిపోయిందండి మాస్టారూ. ఇంత వరదకి ఆగిన గట్టంటారు. మంత్రిగారి మాట ఋజువైపోయింది. ఇక నా అంచనా ఎవరు చూస్తారండి?"

అక్క గట్టెక్కి అవతలి ఒడ్డు కేసి చూసింది. అంత దూరానికి తాటితోపుల మసక తప్ప ఏమీ కనపడలేదు. మా పక్కన ఇంకా ఈలలు వేస్తూనే ఉన్నారు.

"ఒరేయ్, సాయంత్రం బస్సుందేమో కనుక్కో" అంది.

"ముంపు తప్పింది కదే, ఇప్పుడెందుకు?" అన్నారు బావగారు తెల్లబోయి.

"తప్పింది కాబట్టేనండి" అంది అక్క. "ఇక ఈ గట్టు ఎవరూ బాగుచెయ్యరు, వచ్చే ఏడు ఈలలు అటువాళ్ళు వేస్తారు. మీరు వచ్చినా సరే, రాకపోయినా సరే."

ఆయన గుడి వైపు చూశారు. అక్క అప్పటికే గట్టు దిగిపోతోంది.