పడుగు మీద పూలు

తెల్లారుజామున తలుపు తీయగానే కానుగ పూల వాసన తగిలితే, దాని వెనకే గంజి వాసన కూడా వచ్చినట్టుంటుంది నాకు. మా మంగళగిరి వీధిలో గంజి వాసన పోయి చాలా ఏళ్ళయింది, అయినా వస్తుంది. బడికి వెళ్ళాల్సిన వయసులో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టినదాన్ని; అక్షరాలు మొన్నమొన్ననే మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రాయడం వచ్చాక ముందుగా రాయాలనిపించింది మా మిలట్రీ తాత గురించి.

మా చిన్నప్పుడు వీధి సగం మగ్గాల సొత్తు. కోడి కూసే వేళకే మగవాళ్ళు పడుగు, అంటే చీర నిడుపున వచ్చే నూలు పోగులన్నీ, వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, నాన్న ఒక పక్కా పెదనాన్న ఒక పక్కా పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ నడిచేవారు. అరుగు మీద వాళ్ళ చద్దన్నం, ఉల్లిపాయ, గోంగూర పచ్చడి కాకుల పాలు కాకుండా నేను కాపలా. ఎండ ముదిరిందంటే గంజి గబగబా ఆరిపోయి పోగులు టపటపా తెగేవి. తెగినప్పుడల్లా నాన్న నోట ఒక తిట్టు, కూర్చుని ముడులు వేసే అమ్మకు కళ్ళ మంట.

అలాంటి వీధికి తిరిగొచ్చాడు తాత. పటాలంలో పనిచేసి, పింఛను మీద మా ఎదురింట్లో దిగాడు. నాన్నకు వరసకు బాబాయి. వచ్చిన తొలకరికే కాలవగట్టు నుంచి కానుగ మొక్కలు తెచ్చి వీధికి రెండు వైపులా నాటి, తుమ్మకంపతో దడి కట్టాడు. పొద్దున కాలవలో దిగి గుర్రపుడెక్క లాగడం, లాగినదంతా మొక్కల మొదళ్ళలో వేయడం, సాయంత్రం కావిడితో నీళ్ళు మోయడం. ఇంటింటి ముందూ నిలబడి, "అమ్మాయ్, ఆ బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకే, నా మొక్కకి పొయ్యి" అనేవాడు.

"దేశాన్ని కాసొచ్చి కానుగ మొక్కలకి కాపలా పడ్డాడమ్మా మా మరిది!" అని నాయనమ్మ అరుగు మీంచి నవ్వేది.

"నీకూ నీళ్ళు పోస్తాలే వదినా, కాస్త నీడిస్తానంటే" అని తాత కూడా నవ్వేవాడు.

చెట్లు మా తలలు దాటి ఎదిగాయి. మొదటిసారి పూసిన ఏడు గొడవ వచ్చింది. పెళ్ళివారి చీరల కోసం వేసిన పడుగు మీద, గంజి ఇంకా తడిగా ఉండగానే, గాలికి పూలు జల్లున రాలి అతుక్కుపోయాయి. ఏరబోతే పోగులు లేచిపోయాయి. నాన్న ఇంట్లోకి వెళ్ళి గొడ్డలి తెచ్చాడు. వీధి వీధంతా నాన్న వెనకే నిలబడింది.

"అడ్డు లే బాబాయ్. నూలు పాడైతే షావుకారు నిన్నడుగుతాడా, నన్నడుగుతాడా?"

"ఈ ఒక్క ఎండాకాలం ఆగరా సాంబయ్యా. అప్పటికీ వద్దంటే నేనే కొట్టేస్తా."

"మరి అందాకా ఈ పూలో?"

"పూల సంగతి నాకొదిలెయ్."

మర్నాడు చీపురు చప్పుడుకు మెలకువ వచ్చింది. తాత వెదురుగడకు పాత పంచె చుట్టి కొమ్మకొమ్మనూ మెత్తగా కుదుపుతున్నాడు. రాలాల్సినవి ముందే రాలిపోతే పడుగుకు బాధ ఉండదని ఆయన ఆలోచన. పిల్లలం దుప్పట్లు వదిలి పరిగెత్తాం. తెలుపూ లేత వంగపండు రంగూ కలిసిన పూలు పేలాల్లా నెత్తిన పడుతుంటే నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. అవన్నీ ఊడ్చి పాదుల్లో పోస్తే తాత జేబులోంచి వేయించిన శనగలూ బెల్లమూ. పూసినన్నాళ్ళూ అదే ఆట. అయినా ఒకటీ అరా పడుగు మీద పడేవి, నాన్న గొణుక్కుంటూ ఏరేవాడు.

ఆ వేసవి నిప్పులు చెరిగింది. పక్క వీధివాళ్ళు పొద్దెక్కకుండానే పని చుట్టేసుకుంటుంటే, మా వీధిలో కానుగ నీడన గంజి నిదానంగా ఆరింది. పోగులు తెగడం తగ్గి, అమ్మ ముడులు వేయడం మాని నాయనమ్మతో కబుర్లు చెప్పింది. ఒకరోజు నాన్న మళ్ళీ గొడ్డలి పట్టుకుని బయటికి వచ్చాడు. ఆయన పడుగుకు తగులుతున్న ఒక్క కొమ్మ మాత్రం నరికి, నేరుగా తాత గుమ్మంలోకి వెళ్ళాడు.

"బాబాయ్, మా అరుగు పక్కన ఖాళీ ఉంది. అక్కడింకోటి వేస్తావా?"

"గొడ్డలి అక్కడ పెట్టి గునపం తే" అన్నాడు తాత.

ఆ తరవాత పక్క వీధి కూడా మొక్కలడిగింది. కాళ్ళు సాగినన్నాళ్ళూ తాత కాలవగట్లూ బడి ఆవరణలూ తిరిగి నాటుతూనే ఉన్నాడు. వెంట వచ్చే జనమూ ఏటేటా పెరిగారు.

నన్నిచ్చింది కూడా ఇదే వీధిలో, అందుకే అన్నీ చూస్తూ వచ్చాను. ఇప్పుడు మగ్గాలు ఏ కొద్ది ఇళ్ళలోనో ఉన్నాయి. గంజి పెట్టిన పడుగు చుట్టలుగా ఆటోలో వచ్చి దిగుతుంది. తాత లేడు, నాన్న లేడు. సిమెంటు రోడ్డు వేసినప్పుడు కొన్ని చెట్లు పోయాయి. ఆ ఖాళీల్లో వీధి పిల్లలు నాటిన మొక్కలు దడుల మీంచి తొంగి చూస్తున్నాయి. నాన్న అడిగి వేయించుకున్న అరుగు పక్క చెట్టు ఈ ఏడూ విరగబూసింది. నిన్న తెల్లవారుతుండగా వెదురుగడకు పాత చీర ముక్క చుట్టి కొమ్మలు కుదుపుతుంటే, మనవరాలు కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

"కింద పడుగే లేదుగా అమ్మమ్మా. ఎందుకీ చాకిరీ నీకు?"

"ముందు ఇలా వచ్చి నిలబడవే" అన్నాను.

గడ ఎత్తాను. అది నోరు తెరుచుకుని నిలబడిపోయింది.