దండెం మీద ఆరిన రెండు కారు గుడ్డలు

మా చిన్నప్పుడు పెరటి గోడకు మూడు మేకులుండేవి... వాటికి మూడు గుడ్డలు వేలాడేవి. అవి ఇంట్లో వాడేవి కావు. నాన్న కారువి.

ఈ సంగతి నేనెప్పుడూ ఎక్కడా రాయలేదు. మొన్న మా అబ్బాయి కారు తుడుస్తుంటే చూశాను. రంగురంగుల గుడ్డలు ఆరు కొన్నాడు గానీ, సీటు తుడిచిన దానితోనే అద్దమూ తుడుస్తున్నాడు. అద్దమంతా చారలు. నేను లోపలికి వెళ్లి పాత పంచె ముక్క తెచ్చిచ్చాను. "ఇవన్నీ నీకెవరు నేర్పారమ్మా?" అన్నాడు. నిలబడి ఒక్క మాటలో చెప్పే సంగతి కాదు... అందుకే రాస్తున్నాను.

గుంటూరులో నాన్న ఒక అంబాసిడర్‌ను అద్దెకు తిప్పేవాడు. మొదటి మేకుకు చిరిగిన బనియను... కాళ్ల కింద పట్టాలకు. రెండో మేకుకు అమ్మ వాయిలు చీర ముక్క... సీట్లకు. మూడో మేకుకు నాన్న పంచె ముక్క... అద్దాలకు. ఒకదాని పని ఇంకొకటి చెయ్యకూడదు.

కొత్త గుడ్డ పనికిరాదనేవాడు నాన్న. పీచు వదులుతుందట. చీరాల పంచె రెండేళ్లు కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డాకే కారుకు ఇచ్చేవాడు. అప్పుడు కూడా అంచులు కత్తిరించేసేవాడు, గట్టి దారం గీతలు పెడుతుందని. అమ్మకు అన్నిటికీ గంజి పెట్టే అలవాటు... ఈ మూడూ మాత్రం ఆవిడ బకెట్లో పడకూడదు. అద్దం మీద గంజి చారలు పడితే ఎదుటి దీపాల వెలుగులో దారి కనపడదు కదా.

వాటిని ఉతికే పని నాది. అప్పుడు నాకు పదేళ్లు. సబ్బు పోయేదాకా మూడు నీళ్లలో జాడించి, దండెం మీద ఆరేయాలి. కింద పడితే దులిపితే చాలదు, మళ్లీ ఉతకాలి. ఆ పని నాకు అప్పగించాడని ఎంత గర్వంగా ఉండేదో...

ఊళ్లో ఒక డాక్టరమ్మ గారు పురుళ్లు పోసేవారు. కారు లోపల శుభ్రంగా ఉంటుందని, బాలింతలను నాన్న కారులోనే పంపించేవారు. మా ఇల్లు చాలావరకు ఆ పిలుపుల మీదే నడిచేది.

ఆ ఏడు మాఘమాసంలో, ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి పెరట్లో మిరపకాయలు ఆరబోశాము. ఒక సాయంత్రం నాన్న అమ్మను ప్రార్థన కూటం దగ్గర దింపి బేరానికి వెళ్లాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. కాయలు తడిస్తే బూజు పడతాయి... కంగారులో దండెం మీది చీర ముక్క, పంచె ముక్క లాగేసి, వాటిలోనే కాయలు మూటలు కట్టి, నాలుగైదు సార్లు తిరిగి వసారాలోకి చేర్చాను.

తర్వాత ఆ గుడ్డలను గట్టిగా దులిపాను. పంచె ముక్క తెల్లగానే ఉంది. చాల్లే అనుకుని రెండూ మేకులకు తగిలించేశాను.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ గారి కబురు. నల్లపాడు అవతలి పల్లెకు ఒక బాలింతను దింపాలి. నాన్నకు జలుబు, ఘాటు తెలియలేదు. ఎప్పటిలాగే సీట్లు, అద్దాలు తుడుచుకుని వెళ్లాడు.

పసిబిడ్డకు గాలి తగలకూడదని కారు అద్దాలన్నీ పైకెత్తారట. కొంచెం దూరం పోయాక బిడ్డ తుమ్మడం, ఆపకుండా ఏడవడం... తల్లి కళ్ల నిండా నీళ్లు. ఆ బాలింత వెంట వచ్చిన ముసలమ్మ, "కారులో మిరపకాయలు తోలావా ఏందయ్యా?" అని అరిచిందట. నాన్న ఒక బోరింగు దగ్గర ఆపి, వాళ్లను చెట్టు నీడన కూర్చోబెట్టి, ఒంటి మీది చొక్కా విప్పి తడిపి, దానితోనే కారంతా కడిగాడు. దేవుడి దయ వల్ల బిడ్డకేమీ కాలేదు.

బనియనుతో ఇంటికి వచ్చాడు. రెండు గుడ్డలూ గుమ్మంలో పడేసి, "వీటికి మిరపకాయలు తగిలించింది ఎవరు?" అని అడిగాడు. డాక్టరమ్మ గారు ఇంకెప్పుడైనా పిలుస్తారా అన్న దిగులు ఆయన మొహంలోనే కనపడుతోంది.

నేను తలుపు చాటుకు జరిగాను. అమ్మ నా వంక ఒకసారి చూసింది.

"నేనేనండి. వానొస్తుంటే మూట కట్టాను," అంది.

మా అమ్మ అబద్ధమాడని మనిషి. వాక్యం చదవకుండా ముద్ద ముట్టదు. నాన్న ఆవిడను కాసేపు చూసి, "సరే," అని దొడ్లోకి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా గుడ్డలు తనే ఉతుక్కుని కారులోనే ఉంచుకున్నాడు. ఖాళీ మేకులు చూసి నేను అన్నం తినలేకపోయేదాన్ని. ఆదివారం ఆరాధన అయి గుడి నుంచి వచ్చాక ఇంకో పంచె తీసి, అంచులు కత్తిరిస్తూ నన్ను పిలిచాడు.

"అమ్మలూ, ఆ సాయంత్రం మీ అమ్మను కూటానికి దింపింది నేనే కదా."

నేను భోరుమన్నాను. ఆయన పంచె ముక్కతోనే నా కళ్లు తుడిచాడు. "మీ అమ్మకు చెప్పమాకు, నాకు తెలుసని. ఇన్నేళ్లలో నా దగ్గర ఆడిన అబద్ధం అదొక్కటే. అది కూడా నీ కోసం." తర్వాత ఆ ముక్క నా చేతిలో పెట్టి, "కన్నీళ్లు తగిలినయ్. ఉతికి ఆరెయ్ పో," అన్నాడు.

పని మళ్లీ నాదైంది... ఆ బిడ్డకు మూడో నెలలో సూది వేయించాల్సి వచ్చినప్పుడు ఆ ముసలమ్మే, చొక్కాతో కడిగినాయన కారే కావాలని డాక్టరమ్మ గారికి చెప్పి పంపిందట.

ఇప్పుడు గుడ్డలు అంగట్లో దొరుకుతున్నాయి. చిరగకముందే పారేస్తున్నాము. ఒంటి మీద అరిగి మెత్తబడి కారుకెక్కిన గుడ్డలు ఎక్కడున్నాయి... మీ ఇళ్లలో అలాంటివి ఉంటే చెప్పండి, చదువుకుంటాను.

నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. అమ్మ మా దగ్గరే ఉంది. చూపు ఆనదు, ఎవరైనా చదివితే వింటుంది. మా ఇంటికి వచ్చేవాళ్లు ఇది మీ దగ్గరే దాచుకోండి, ఆవిడకు మాత్రం వినిపించకండి... నాన్న ఆ మాట నమ్మారనే ఇప్పటికీ అనుకుంటోంది.