ఎక్కడో చదివినట్టుంది

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. అది నేనన్న మాటే. తిట్టు కాదు, శాపం కాదు, చిన్న అనుమానం. దాంతో ఒక మనిషి రాయడం మానేసింది. ఆ మాట అబద్ధమని తెలిసింది నాకొక్కదానికే. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యమని మాత్రం అనుకోకండి.

నిజామాబాద్‌లో నాకొక మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఆడవాళ్లు చీర తెస్తారు, దానికి రంగు కలిసే జాకెట్ ముక్క నేను తీసిస్తాను. దుకాణంలో లైట్లను నేను నమ్మను. చీరనీ ముక్కనీ పట్టుకుని బయట ఎండలోకి వచ్చి, పక్కపక్కన పెట్టి చూశాకే కత్తెర పెడతాను. నమ్మకపోవడం నా పుట్టుబుద్ధి. పాలవాడు పోసిన పాలను ఏనాడూ నమ్మలేదు. మా అత్తగారి తలనొప్పినీ నమ్మలేదు, పాపం, ఆవిడ కళ్లద్దాలు మార్పించుకునేదాకా. ఈ గుణం వ్యాపారంలో బాగానే పనికొచ్చింది.

బేరాల్లేనప్పుడు నవలలు చదువుతాను. అదీ కొత్తగా వచ్చినవే. నాకు ప్రేమకథలు కావాలి, లేదంటే జరగనివి జరిగే కథలు కావాలి. కాలం వెనక్కి నడిచేవి, చచ్చిపోయిన వాళ్లు ఫోన్ చేసేవి, ఇంకో లోకంలోకి తలుపు తెరుచుకునేవి. రెండూ కలిస్తే ఇక నాకు అన్నం అక్కర్లేదు. మా వెనక గల్లీలో బీడీలు చుట్టే గంగామణి ఒకరోజు ఫాల్ కోసం వచ్చి, నా చేతిలో పుస్తకం చూసి కథేందని అడిగింది. నిలబడి మొత్తం విన్నది. "మా చేతులు ఖాళీ ఉండయి అమ్మా, చెవులు ఖాళీనే. నువ్వు ఫోన్ల చెప్పి పంపు, మేం చుట్టుకుంట వింటం" అన్నది. అట్లా వాట్సాప్‌లో మా గ్రూపు మొదలైంది.

కొత్త పుస్తకం రాగానే నేను చదివి, వాయిస్ మెసేజ్ పెట్టేదాన్ని. ఎవరికి ఎవరి మీద మనసైంది, ఎక్కడ ఏ వింత జరిగింది, అంతా చెప్పి, సరిగ్గా కొస దగ్గర ఆపేదాన్ని. "ముగింపు చెప్పను, కొంగు మాత్రం దగ్గర పెట్టుకోండి" అంటే చాలు, రెండు గల్లీలు కలిసి ఒక కాపీ తెప్పించుకునేవి. ఒకరు పైకి చదివితే పదిమంది తునికాకు కత్తిరిస్తూ వినేవారు. తర్వాత బోధన్ వాళ్లు కలిశారు, రుద్రూర్ వాళ్లు కలిశారు, డిచ్‌పల్లి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. నేను బాగుందంటే ఆ పుస్తకం ఇల్లిల్లూ తిరిగేది. బాగాలేదంటే గడప తొక్కేది కాదు. అంత నమ్మారు నన్ను. ఎవరినీ నమ్మని మనిషిని పట్టుకుని ఇంతమంది ఎందుకు నమ్మారో నాకిప్పటికీ అంతుబట్టదు.

బోధన్ వాళ్లలో సరోజ ఒకతి. ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. వాళ్ల బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక ఇంట్లో కూర్చున్నాడు. నాకంటే చిన్నది, అక్కా అక్కా అని ప్రాణం పెట్టేది. నాకూ అది చెల్లెలి లెక్కే. అది నిజామాబాద్ వచ్చినప్పుడు తోడుగా వాళ్లింటికి పోయేదాన్ని, బస్సులో పక్కపక్కన కూర్చుని లోకంలో ఉన్న ముచ్చట్లన్నీ చెప్పుకునేవాళ్లం. చెప్పుకునేవాళ్లం అంటున్నాను గానీ, చెప్పేది నేను, వినేది అది. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆ సరోజ ఒక నవల రాసింది. పేరు 'ఒక్క షిఫ్టు కాలం'. మూతబడ్డ ఫ్యాక్టరీ సైరన్ ఒక తెల్లవారుజామున మోగుతుంది. మనసులో మాట చెప్పకుండా ఉండిపోయిన వాళ్లకే అది వినిపిస్తుంది. విన్నవాళ్లు గేటు దాటి లోపలికి పోతే, ఒక్క షిఫ్టు సేపు పాత రోజుల్లోకి పోయి రావచ్చు. అందులో ఒకామె తన మనిషిని చూడ్డానికి పోతుంది. హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రచురణకర్త వేశాడు. రెండో నవల కూడా వేస్తానని మాటిచ్చాడు. సరోజ మొదటి కాపీ నాకు తెచ్చిచ్చి, "అక్కా, నువ్వు గ్రూపుల చెప్తేనే నాకు పుస్తకం వచ్చినట్టు" అన్నది.

ఎంత సంబరంగా మొదలుపెట్టానో! ముప్పై, నలభై పేజీలు పోయేసరికి ఆ సంబరం పోయింది. ఆమె చూడబోయిన ఆ మగమనిషి చెరుకు తోటల్లో పనిచేస్తాడు. పనికి పోతూ చెప్పులేసుకుని, మళ్లీ విప్పి, లోపలికొచ్చి రెండు గుక్కల నీళ్లు తాగి పోతాడు. టీలో బిస్కెట్ విరిగి పడితే చిన్నపిల్లాడిలా నొచ్చుకుంటాడు. కోపమొస్తే అరవడు, కూర్చుని గోళ్లు తీసుకుంటాడు. అమ్మో! ఆ మనిషి మా ఆయనే. గోళ్లతో సహా మా ఆయనే.

మా ఆయన అప్పట్లో చెరుకు పరిశోధన కేంద్రంలో పని మీద రోజూ రుద్రూర్ పోయొచ్చేవాడు. బస్సు బోధన్ మీదుగానే పోతుంది. ఇక చూడండి నా బుర్ర. చీర పక్కన ముక్క పెట్టినట్టు, పుస్తకం పక్కన మొగుణ్ణి పెట్టి చూశాను. రంగు కలిసింది. కలిస్తే కలిసినట్టే, నాకు ఇంకో ఆలోచన రాదు. ఆ నీళ్లు తాగే సంగతి బయటి ఆడదానికి ఎట్లా తెలుస్తుంది? ఎన్నిసార్లు చూస్తే తెలుస్తుంది? ఎక్కడ చూస్తే తెలుస్తుంది?

అన్నం పెడుతూ, ఏమీ ఎరగనట్టు, "బోధన్ల సరోజ అని ఉన్నది, నీకు ఎరుకేనా?" అని అడిగాను. "ఏ సరోజ?" అన్నాడు. మరీ తొందరగా అన్నట్టు తోచింది. కాసేపాగి అని ఉంటే, ఎందుకాగాడని అనుకునేదాన్ని. ఫోన్ చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చూసి, తుడిచేశాడనుకున్నాను. చొక్కా జేబులు వెతికాను. ఛీ, ఇవన్నీ మీకు చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ చెప్పాలి. ఇవి దాచే కదా ఇంతదాకా తెచ్చుకున్నాను.

గ్రూపులో ఎదురుచూస్తున్నారు. సరోజ పుస్తకం ఎట్లుందక్కా, ఎప్పుడు చెప్తవక్కా అని మెసేజీల మీద మెసేజీలు. సగం కూడా చదవలేదు నేను. చదవబుద్ధి కాలేదు. బాగాలేదని చెబితే కుళ్లుకున్నాననుకుంటారు. అందుకని ఆలోచించాను. నోరు జారలేదు, చూడండి, ఆలోచించాను. దుకాణంలో ఎవరూ లేనప్పుడు షట్టర్ సగం దించి, ఒకటికి రెండుసార్లు అనుకుని, గొంతు మెత్తగా పెట్టి చెప్పాను. "సరోజ మంచిగనే రాసింది. గని నాకెందుకో ఇది ఇంతకుముందు ఎక్కడో చదివినట్టుంది. మీరు చదివి చెప్పుండ్రి."

అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

నేనెక్కడా చదవలేదు. అటువంటి కథ నా జన్మలో వినలేదు. కానీ నేను అన్నాను కాబట్టి అందరికీ చదివినట్టే అనిపించింది. పుస్తకం ముట్టుకోని వాళ్లకు కూడా అనిపించింది. ఒకామె ఏదో హిందీ సీరియల్‌లో చూశానన్నది. ఇంకొకామె వాళ్ల అక్క చిన్నప్పుడు చదివిందట. డిచ్‌పల్లి టీచరమ్మ, పోనీలే, మొదటి పుస్తకం కదా, క్షమించేద్దాం అన్నది. ఏం తప్పు చేసిందని క్షమించడం? గల్లీల్లో కాపీలు తెప్పించుకోలేదు. సంగతి ఎవరో ప్రచురణకర్త చెవిన వేశారు. ఆయన సరోజను అడిగాడు. నేను చూస్తూ కూర్చున్నాను. లోపల హాయిగా కూడా ఉండింది, దాచడం దేనికి.

సరోజ దుకాణానికి వచ్చింది. కొట్లాడుతుందనుకుని నడుం బిగించుకుని ఉన్నాను. కొట్లాడితే నేనూ మొగుడి ముచ్చట ఎత్తి కడిగేసేదాన్ని, అక్కడితో తేలిపోయేది. అది కొట్లాడలేదు.

"అక్కా, ఏ పుస్తకంల సదివినవో జర పేరు చెప్పు. నేను దొరకవట్టుకొని సదువుత."

"యాదికొస్తలేదు సరోజా. ఎప్పుడో సదివిన."

"జర యాద్ చేసుకో అక్కా. నాకు తెల్వకుండనే గది నా దిమాగ్ల ఉన్నదేమో. చిన్నప్పుడు సదివి మర్సిపోయిన్నేమో. నువ్వు ఊకెనే అనవు గదా."

నువ్వు ఊరికే అనవు కదా. అప్పుడన్నా చెప్పొచ్చు. చెప్పలేదు. "యాదికొస్తే ఫోన్ చేస్త" అని, పక్కన నిలబడ్డ ఆవిడకు లంగా రంగులు చూపించడం మొదలుపెట్టాను. ప్రచురణకర్తకు సరోజ తనే ఫోన్ చేసి, నాకు నా మీదే నమ్మకం లేదు, రెండోది వద్దులెండి అన్నదట. తర్వాత గ్రూపులోంచి వెళ్లిపోయింది.

ఆ నవలను నేను చాలా కాలానికి పూర్తిచేశాను. గంగామణి నా దగ్గర తీసుకుపోయిన కాపీ తిరిగిచ్చి, "నాకైతే ఏడుపొచ్చిందమ్మా" అంటే, ఏముందో చూద్దామని తీశాను. సగం దాటాక ఒక చోట, గేటు దాటి పోయిన ఆ ఇల్లాలు మొగుడి చొక్కాను నీళ్లలో నానబెట్టే ముందు కాలర్ వాసన చూస్తుంది. ఇవాళ ఎంత అలసిపోయాడో ఆ వాసనను బట్టి తెలుసుకుని, దాన్ని బట్టి కూర వండుతుంది. ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చదివాను. అది చేసేది నేను. మా ఆయనకు కూడా తెలియదు. ఒక్కరికే చెప్పాను, బోధన్ బస్సులో, నవ్వుకుంటూ, సరోజకు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నీళ్లు తాగడం నేనే చెప్పాను. బిస్కెట్టు నేనే చెప్పాను. గోళ్ల సంగతైతే వాపోతూ చెప్పాను. అది నా మొగుణ్ణి చూసి రాయలేదు. నేను చెప్పుకున్న నా కాపురాన్ని, నేనే ఎరగనంత ప్రేమగా రాసింది. అందులో ఆ ఇల్లాలు నేను. చదివి నేను మురిసిపోతానని మొదటి కాపీ తెచ్చిచ్చింది. నా బుద్ధి గడ్డి తిన్నది.

తెలిశాక వెంటనే పోయానా? పోలేదు. ఇవాళ, రేపు అంటూ ఏళ్లు గడిపాను. మొన్నీమధ్య బోధన్ పోయాను. అదే బడిలో చెబుతోంది. నన్ను చూసి సంతోషపడింది, టీ పెట్టింది. పిల్లల పరీక్షల సంగతి చెబుతుంటే ఆపి, చెప్పేశాను. సరోజా, నేనెక్కడా చదవలేదు, అది నీ సొంత కథ, నేను అబద్ధమాడాను అని. ఒక్క గుక్కలో చెప్పాను. నా ముఖం చూసింది, నవ్వింది.

"నువ్వు మంచిదానివక్కా. నా మనసు నొస్తదని గిట్ల చెప్తున్నవు."

"కాదే, ఒట్టు. నిజంగ అబద్ధం చెప్పిన."

"ఎందుకు చెప్తవు? నాతోని నీకేం పగ? నేను అప్పటిసంది ఎతుకుతనే ఉన్న. దొరకలే. దొరకకపోతే లేనట్టా?" కప్పులు తీస్తూ ఆగింది. "నీకు పేరు యాదికొచ్చింది గదా? చెప్పక్కా. నేనేం అనుకోను."

ఎందుకు చెప్తవు అన్నది. ఆ ఒక్కదానికి జవాబిస్తే నమ్మేది. నీకూ నా మొగుడికీ సంబంధం అంటగట్టాను అని చెప్పాలి. ఆ ముఖం ముందు ఆ మాట నోట రాలేదు. పరువు కోసమా? అదొక్కటే కాదు. మీ దగ్గర దాచి లాభం లేదు. చెప్పగానే ఆ ముఖంలో తప్పు చేసిన జాడ ఏమన్నా కదులుతుందేమో చూడాలని, ఒక మూల, అప్పుడు కూడా నాకు అనిపించింది. ఇంత తెలిశాక కూడా! అది తోచగానే నా మీద నాకే అసహ్యం వేసి, నోరు మూసుకుని లేచి వచ్చేశాను. పేరు దాచిపెట్టి పోతున్నానని అది అనుకున్నది. వాకిట్లో నిలబడి చేయి ఊపింది.

దానికి ఇవ్వలేని కారణం మీకిచ్చాను. మొదటిసారి ఇచ్చాను. గొంతులో కొంచెం గాలి ఆడుతోంది. తప్పు పోయిందని కాదు. మళ్లీ బోధన్ పోయి ఇదంతా దాని ముఖం మీద చెప్పగలనా? తెలియదు. చెప్పినా, ఇది కూడా నేను కల్పించిన కథే అనుకుంటుందేమో. అనుమానించడం దానికి నేర్పిందాన్ని నేనే కదా.

గ్రూపు వాళ్లకు ఇన్నేళ్లు చాలా పుస్తకాలు చెప్పాను, నమ్మి చదివారు. అబద్ధం చెప్పినప్పుడు కూడా నమ్మారు. ఇప్పుడు మీకు నిజం చెబుతున్నాను. 'ఒక్క షిఫ్టు కాలం' సరోజ సొంతం. ప్రతి అక్షరం. అటువంటిది నేను ఇంకెక్కడా చదవలేదు.