నడుమ కుర్చీ, అంచున అక్క

మొన్న ఎయిర్‌పోర్టు పక్కన పాల్మాకులలో బావ ఇంట్లో కూర్చుని ఉండగా ఒక విమానం మరీ కిందుగా పోయింది. గోడమీది అక్క ఫోటో కాస్త పక్కకు ఒరిగింది. బావ మాట మధ్యలో ఆపి, లేచి సరిచేసి వచ్చి కూర్చున్నాడు. రోజుకు ఎన్నిసార్లు లేస్తాడో పాపం. ఆ ఫోటో చూసిన కొత్తవాళ్ళు నొసలు చిట్లిస్తారు. నడుమ మసకబారిన ఖాళీ కుర్చీ, కుడి అంచున తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తున్న మా అక్క. దానికి దండ కూడా సరిగ్గా కుదరదు.

మా అక్క ఫోటోకు చిక్కే మనిషి కాదు. పెళ్ళి ఆల్బం నిండా తల వంచుకునే ఉంది. ఫోన్ ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె ముఖం నిండుగా కనబడే ఫోటో ఒక్కటైనా గోడకుండాలని బావకు మహా కోరిక. కొత్తూరు ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త మిషన్ పని నేర్చుకు రమ్మని సింగపూర్ పంపితే, అక్కడ నోరు కట్టుకుని ఒక కెమెరా కొనుక్కొచ్చాడు. తీరా చూస్తే ఏ ఫోటో తీసినా చుట్టూ స్పష్టం, నడుమ మబ్బు. ఇక్కడి సర్వీసు సెంటరతను డబ్బా అటూ ఇటూ తిప్పి, గ్యారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందని చేతిలో పెట్టేశాడు.

సింగపూర్ కొట్టువాడు మెయిళ్ళకు జవాబైతే ఇచ్చేవాడు. కానీ ఎప్పుడూ ఒకటే పాట. లోపం తెలిసేలా, మంచి వెలుతురులో, నడుమ మనిషిని కూర్చోబెట్టి తీసి పంపమంటాడు. పంపితే చాలదంటాడు. బావ భయం భయంగా అక్కను అడిగాడు. చిత్రం, ఆమె ఒప్పుకుంది. "ఇది నా ఫోటో కాదు గదా, మిషన్ ఖరాబైందని సూపెట్టెటందుకే గదా," అని కుర్చీలో దర్జాగా కూర్చుంది. కొంగు అడ్డం పెట్టలేదు. పైగా నవ్వింది కూడా. ఆ నవ్వంతా మబ్బులో పోయింది. మనిషిని అంచున కూర్చోబెట్టి ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది? ఒకనాడు మాత్రం బావ మీట నొక్కేలోపే ఆమె లేచి తలుపు దగ్గరికి పోయింది. "ఇగ సాలయ్యా, పొయ్యి మీద పాలున్నయ్," అంటూ తిరిగి చూసింది, అప్పుడే మీట పడింది. కుర్చీలో మనిషి లేదు కాబట్టి పనికిరాదని బావ ఆ ఒక్కటి పంపలేదు.

చివరికి వాళ్ళు సరేనన్నారు. పాతది వెనక్కి పోయింది, కొత్తది వచ్చింది, వచ్చి మన ఎయిర్‌పోర్టు కార్గోలో కూర్చుంది. ఇది కొత్తగా కొన్నది కాదు, బదులుగా వచ్చిందంటే కస్టమ్స్ వాళ్ళు నమ్మలేదు. పాతది పంపినప్పుడే రాయించుకున్న కాగితం ఉండాలట. ఆ సంగతి అప్పుడు మాకెవరు చెప్పారు? నెత్తిమీద విమానాలు వస్తూ పోతూనే ఉన్నాయి, కూతవేటు దూరంలో ఉన్న డబ్బా మాత్రం చేతికి రాదు. నేను విసుక్కుంటే, "జర ఓపిక పట్టు బామ్మర్దీ, వస్తది," అనేవాడు బావ. ఈలోగా అక్కకు జ్వరం వచ్చింది. శంషాబాద్ దవాఖానకు, అక్కడినుంచి సిటీకి తీసుకుపోయాం. మనిషి తిరిగి రాలేదు.

దినాలకు ఫోటో కావాలని కంప్యూటర్ తెరిచాం. అన్నింట్లో గుమ్మం పసుపు, తలుపు గొళ్ళెం, మూలనున్న చీపురు కూడా స్పష్టంగా ఉన్నాయి, అక్క ముఖం లేదు. పనికిరాదన్న ఆ ఒక్కదాంట్లోనే ఉంది. బావ తెరమీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

కొత్త కెమెరా ఆ తరవాతెప్పుడో వచ్చింది. సీలు తీయని డబ్బా బీరువాలో ఉంది. ఒకసారి తీసి చూడరాదా అని మొన్న నేనే అడిగాను. బావ గోడవైపు చూసి, "తీసి ఎవల్ని తియ్యాలె?" అన్నాడు. చెడిపోయిన వస్తువును వెనక్కి పంపడానికి, ఎంత తిప్పలు పెట్టినా, ఒక దారంటూ ఉంది. గడిచిపోయిన రోజులకు అదీ లేదు.