మీ ఊళ్లో అద్దెంత?

మా ధరలక్కకి ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషిది పరాయి ఊరని తెలిస్తే చాలు, కుశలం అడగదు, పేరడగదు. "మీ ఊళ్లో రెండు గదుల ఇంటికి అద్దెంత?" అంటుంది. ఆ తర్వాత కోడిగుడ్డు ధర. ఆ తర్వాత బస్సు పాసు.

ఈ జబ్బు అంటించింది మా శాఖే. ఆరోగ్య బోధకులకి ఏ ఊళ్లోనైనా ఒక్కటే జీతం. చిల్లర డబ్బులకి సంచీ నిండే ఊళ్లోనూ అంతే, ఇంటివాడి చేతిలో అద్దె పెట్టి వెనక్కి తిరిగేసరికి జీతం సగమైపోయే మా ఊళ్లోనూ అంతే. దీనికి మా పెద్దసారు పెట్టిన పేరు సమానత్వం. ఆ సమానత్వాన్ని అక్క మేడమీది రేకుల గదిలో, ఎండాకాలం నెత్తిన తడిగుడ్డ వేసుకుని, ఏళ్ల తరబడి భరించింది. తన కోసం ఒక్క అర్జీ పెట్టిన పాపాన పోలేదు.

శిక్షణ కేంద్రంలో మా ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. చక్కెర జబ్బు గురించీ రక్తపోటు గురించీ జనానికి చెప్పడం, అదెలా చెప్పాలో కొత్తగా చేరినవాళ్లకి నేర్పడం మా పని. అక్కతో కలిసి క్లాసు చెప్పడమంటే నా ప్రాణం మీదికొచ్చేది. ఓసారి రక్తపోటు క్లాసుకి, కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయనొకరు వచ్చారు.

"ఉప్పు తగ్గించాలి బాబాయిగారూ. అన్నట్టు, మీ ఊళ్లో అద్దెలెలా ఉన్నాయి?"

పాపం ఆయనకి ఇంటి ఓనరు గుర్తొచ్చాడు. ముఖం కందగడ్డయింది. కొలిచి చూస్తే, క్లాసుకి ముందున్న బీపీయే నయం!

"అక్కా! తగ్గించమని పిలిచాం, పెంచి పంపుతున్నావు!"

"అది ఉప్పుకి పెరిగింది కాదే, అద్దెకి పెరిగింది," అంది తీరిగ్గా.

రాంగ్ నంబరు వచ్చినా వదలదు. "ఆ పేరుగలవాళ్లు లేరండీ. పెట్టేయకండి, ఇంతకీ మీదే ఊరు?" అలా ఊరూరా ముఖం చూడని చుట్టాలు పోగయ్యారు.

ఇంతలో మా ఆయన పనిచేసే ప్రెస్సు మూతపడింది. ఇద్దరు పిల్లల చదువుతో సహా ఇల్లంతా నా ఒక్క జీతం మీద పడింది. దేవుడు చూసినట్టు, సముద్రం పక్కనున్న మహానగరంలో ఓ ప్రైవేటు ఆసుపత్రివాళ్లు ఇదే పనికి రమ్మన్నారు.

"ఒకటిన్నర రెట్లక్కా!" అన్నాను ఎగిరి గంతేస్తూ.

"ఏ పేట?"

"జీతం చెబుతుంటే పేటంటావేంటి?"

"పేట చెప్పవే ముందు."

చెప్పాను. వెంటనే అక్కడి రిటైరైన మాస్టారెవరికో ఫోను కలిపింది. ఆయన పాల ధర, గుడ్డు ధర, స్కూలు ఆటో, తన పైవాటా అద్దె వరసగా చదువుతుంటే, నా ఒకటిన్నర రెట్లు కళ్లముందే కరిగిపోతున్నాయి.

"విన్నావుగా? ఇక్కడ నీ జీతం ఇరవయ్యో తారీఖుదాకా వస్తుంది. అక్కడ ఒకటిన్నర రెట్లున్నా పదిహేనుకే చేతులెత్తేస్తుంది. వద్దే."

నాకు ఒళ్లు మండింది. "నీ ధరలు నీ దగ్గరే పెట్టుకో! నేను వెళ్తున్నాను."

"వెళ్లు," అని మళ్లీ ఫోనందుకుంది.

ఆ వారమంతా ఎప్పుడు చూసినా ఫోన్లోనే. నేను దగ్గరికెళితే నోటికి చెయ్యడ్డం. నా మీదే చాడీలు చెబుతోందనుకుని మాట మానేశాను.

ఇల్లు చూసుకుందామని ఆ నగరంలో బస్సు దిగానో లేదో, గొడుగు పట్టుకున్న ఓ పెద్దాయన ఎదురొచ్చాడు. "ధరలమ్మాయి పంపిన మనిషివి నువ్వేనా తల్లీ?"

ఆ మాస్టారే. తిన్నగా తన పైవాటాకి తీసుకెళ్లాడు. కిటికీ తెరిస్తే ఆసుపత్రి వెనక గోడ.

"నీకు బస్సు ఖర్చు ఉండకూడదంది. అద్దె తగ్గించమంది. తగ్గించాను. మర్నాడు ఇంకాస్త అంది. రోజూ నా ప్రాణం తోడేసిందనుకో! చివరికి మా ఆవిడ, 'ఆ అద్దె తగ్గిస్తారా, నన్ను ఫోన్లేని ఊరికి పంపించేస్తారా' అని కూర్చుంది. ఏం చేయను? ఇంతకుముందు ఇందులో ఉన్న పిల్లా మీ అక్క పంపిందే. ఆ అమ్మాయి అద్దె కోసం కూడా మీ అక్క ఇంతలా బేరమాడలేదు సుమా!"

మెట్లమీద కూర్చుని అక్కకి ఫోను చేశాను.

"వద్దు వద్దంటూనే ఇదంతా ఎందుకు చేశావక్కా?"

"ఆ అద్దెకి వద్దన్నాను. ఈ అద్దెకి వద్దన్నానా?"

"మరి నువ్వో? చవక ఊరికి బదిలీ పెట్టుకుంటే ఇదే జీతంతో దర్జాగా ఉండొచ్చుగా?"

"కొత్తపిల్లలు శిక్షణకొచ్చేది ఇక్కడికే కదే. ఎవరు ఏ ఊళ్లో పడ్డారో తెలియగానే ఇల్లు చూడొద్దూ? సరేగానీ, కింద కొట్లో గుడ్డెంతో కనుక్కో. మాస్టారు చెప్పింది నాకెందుకో నమ్మబుద్ధి కావడంలేదు."

కనుక్కున్నాను. మాస్టారు కాస్త తగ్గించే చెప్పారు.

కానీ ఒక్క మనిషి ఎన్ని ఇళ్లు వెతుకుతుంది, ఎంతమంది ఓనర్లని విసిగిస్తుంది? ఊరూరికీ అద్దె మారుతున్నప్పుడు జీతం మారకపోవడాన్ని సమానత్వమంటే, నేను దాన్ని బద్ధకమంటాను. అందుకే మీకో మనవి. ఓట్లడగడానికి మీ గుమ్మంలోకి వచ్చినవాళ్లని ఈ మాట అడగండి: మా వీధికొచ్చి ఆరోగ్యం చెప్పే మనిషి, తనిచ్చే అద్దె పోగా ఏం తింటోంది? ఆసుపత్రి దగ్గర మీకో వాటా ఖాళీగా ఉంటే ఆమెకివ్వండి, కాస్త తగ్గించి.

ఎవరో తెలియని ఆడమనిషి ఫోను చేసి గుడ్డెంతని అడిగితే రాంగ్ నంబరని పెట్టేయకండి. ఉన్న ధర చెప్పండి. పైసా అటూ ఇటూ చేశారా, మీ పక్కింటికి కూడా ఫోను చేస్తుంది.