మొదటి గుక్కెడు

బెరడుకు గీసుకుపోయిన చేతులతో చెట్టు దిగిన మజర్, ముందుగా తాను నీళ్లు తాగడు. మొదటి గుక్కెడు చెట్టు మొదట్లో పోస్తాడు. "నన్ను కింద పడేయలే గదా," అంటాడు. తనతో కలిసి కొమ్మలు కొట్టే ఓదెలు నవ్వుతాడు: "చెట్టుకు దూపైతదా భాయ్?"

తెలంగాణ కోసం కోరుట్ల రోడ్డు మీద రాస్తారోకో చేసిన రోజు, అడ్డంగా పడేయడానికి బస్టాపు దగ్గరి వేపచెట్టునే నరకబోయాడు ఓదెలు. మజర్ అతని గొడ్డలి పట్టుకుని ఆపాడు. "తెలంగాణ అచ్చినంక బస్సు కోసం ఏడ నిలబడుతవ్? ఆగు, కొమ్మలిస్త." ఎక్కి, చెట్టుకు బరువైన కొమ్మలే ఏరి కొట్టాడు. రోడ్డు మూసుకుపోయింది. మిట్టమధ్యాహ్నం నినాదాలిచ్చిన వాళ్లంతా మిగిలిన నీడలోకే చేరారు. ఎవరో ఓదెలుకు నీళ్ల సీసా అందించారు. గొంతెండిపోయిన ఓదెలు, మజర్ వైపు చూడకుండా, మొదటి గుక్కెడు వేపచెట్టుకు పోశాడు.