మా వీధి దాకా రాని ఓడ

వరదొస్తే బెజవాడవాళ్ళం బ్యారేజీ వైపు చూస్తాం. పలకరింపు కూడా అదే: ఎన్ని గేట్లెత్తారు? ఆ శనివారం మా నాన్న పొద్దుగూకేదాకా టీవీలో గేట్లు లెక్కపెట్టి తీర్పు చెప్పారు.

“కృష్ణ ఇటు రాదురా.”

ఆయన మాట నిజమే. కృష్ణ రాలేదు. ఆదివారం తెల్లారేసరికి వెనకవైపు నుంచి బుడమేరు వాగు వచ్చింది.

సోమవారం ఆయనకి గవర్నర్‌పేటలో డయాలసిస్. ముందే వెళ్ళి ఆసుపత్రి పక్క లాడ్జిలో ఉందామన్నాను. గేట్లు చూసి మానేశాం. ఇప్పుడు కింది వాటాలో నీళ్ళు, పై వాటాలో మేము.

మా ఆవిడ తమ్ముడు విశాఖలో నేవీ ఓడ మీద పనిచేస్తాడు. నోరు తెరిచి ట్యాంకుల్ని ఒడ్డున దింపే యుద్ధనౌక అది. తుఫానులప్పుడు అదే నోట్లోంచి బియ్యం, మంచినీళ్ళు, పడవలు దింపుతుంది. ఫోన్ చేశాను.

“సరుకెక్కిస్తున్నాం బావా. మీకు మాత్రం పడవలు లారీల మీద వస్తున్నాయి.”

“ఓడ ఎందాకా వస్తుంది?”

“సముద్రం ఉన్నందాకా.”

మా వీధిలో అప్పటికి మెడలోతే ఉంది. ఓడకి చాలదు.

“మావయ్యగారిని నీళ్ళెక్కువ తాగనివ్వొద్దని అక్కకి చెప్పు,” అన్నాడు. ఆ తర్వాత ఫోన్ చచ్చిపోయింది.

మధ్యాహ్నం హెలికాప్టర్ మేడ మీద పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు వదిలి వెళ్ళింది. నాన్నకి ఉప్పు పడదు. నీళ్ళు రోజుకి ముప్పావు లీటరు. ఊరంతా నీళ్ళే అయినా ఆయన సీసా మీద నేను పెన్నుతో గీత గీశాను.

సోమవారం అలాగే వెళ్ళిపోయింది. నాకు రెండు కొలతలు మిగిలాయి. ఒకటి, మునిగిన మెట్లు. రెండోది నీరు పట్టిన నాన్న పాదం: బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట ఎంతసేపటికి పూడుతుందా అని.

“ఏంరా, నీటిమట్టం చూస్తున్నావా?” అన్నారు. ఆ మూడు మాటలకీ మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నారు.

“తగ్గుతోంది నాన్నా.”

మెట్ల సంగతి చెప్పాను. పాదం గురించి ఆయన అడగలేదు.

మంగళవారం రబ్బరు పడవ వచ్చింది. ఇద్దరు నావికులు ఆయన్ని కుర్చీతో సహా దింపారు. నాన్న పడవని అటూ ఇటూ చూశారు.

“దీనికి నోరు లేదేమయ్యా?”

వాళ్ళకి తెలుగు రాదు. మర్యాదగా తలూపారు.

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పాదం నొక్కాను. వీధి మలుపు దాకా లెక్కపెట్టాను. గుంట పూడలేదు.